మెస్‌కి రావడం మానేసిన కుర్రాడు

హాస్టల్లో ఒక విద్యార్థి మనసు బాగాలేదని కౌన్సెలర్ కంటే ముందు మెస్‌లో వడ్డించేవాళ్లకి తెలుస్తుంది. మొదట పొద్దుటి టిఫిన్ మానేస్తాడు, తర్వాత మధ్యాహ్నం భోజనం. రాత్రి రూమ్మేట్ తెచ్చిపెట్టిన ప్లేటులో అన్నం పొద్దుటికి గట్టిపడి ఉంటుంది. బకెట్‌లో నానేసిన బట్టలు నాలుగు రోజులుగా అలాగే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి దుప్పటి లోంచి ఫోన్ వెలుగు కనిపిస్తుంది, మొదటి పీరియడ్ వేళకి మాత్రం గాఢనిద్ర. ఇంటి నుంచి ఫోనొస్తే "బానే ఉన్నా అమ్మా, తిన్నా" అంటాడు. వీటిలో ఒకటి ఒక రోజు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. రెండు మూడు కలిసి రెండు వారాలు సాగితే కూర్చుని అడగాల్సిందే. క్లాసులకి సక్రమంగా వస్తూ, మార్కులు తగ్గకుండానే లోపల కుంగిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లని పట్టుకోవడం ఇంకా కష్టం.

రెండు వారాలన్నది నోటికొచ్చిన లెక్క కాదు. డాక్టర్లు డిప్రెషన్ అంచనాకి వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివి గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయని అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా, మొత్తం 27. పదో, అంతకన్నా ఎక్కువో వస్తే డాక్టర్ చూడాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలి.

మన దగ్గర ఎక్కువ నష్టం జరిగేది "ఇంకొన్నాళ్లు చూద్దాం" దగ్గర. లెక్క చూడండి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో 75 శాతం హాజరు కావాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు తగ్గినా మినహాయింపు, తెచ్చుకోవచ్చు. అంతకంటే తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. పదహారు వారాల సెమిస్టర్‌లో 25 శాతమంటే నాలుగు వారాలు, 35 శాతమంటే ఐదున్నర వారాల పైచిలుకు. డాక్టర్ రాసిన మందు పూర్తిగా పనిచేయడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడు వారాలు చూస్తూ కూర్చుంటే, కోలుకునేలోపే సెమిస్టర్ చేయి జారిపోతుంది. అసలే కుంగిపోయినవాడికి డిటెన్షన్ లిస్టులో పేరు రావడం మరో దెబ్బ. అందుకే రెండు వారాలు దాటగానే, ఇంకా ఆగకుండా ఓపీకి వెళ్లాలి. చికిత్సకీ, సర్టిఫికెట్ మీద తేదీకీ రెండింటికీ అదే దారి.

అడగడమెలా? నలుగురిలో కాదు, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు. "ఏమైంది నీకు, ఎందుకిలా తయారయ్యావు?" అంటే తలుపు మూసుకున్నట్టే. కళ్లారా చూసినది చెప్పాలి: "మామా, పది రోజులుగా నువ్వు టిఫిన్‌కి రావట్లేదు, రాత్రుళ్లు నిద్రపోవట్లేదు. చూస్తున్నా. ఏం జరుగుతోంది?" ఆ తర్వాత మాట్లాడకుండా కూర్చోవాలి. రెండు నిమిషాల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా దాన్ని నింపకూడదు. "మీ నాన్న ఎంత కష్టపడి ఫీజు కడుతున్నాడో ఆలోచించావా" అనే మాట మాత్రం వద్దు. ఆ ఆలోచనే అతన్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వట్లేదు.

అవసరమైతే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. అలా పుట్టదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే, ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నాడేమో కూడా అడగాలి. అనుకుని ఉంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలొద్దు, బాత్‌రూమ్‌కి వెళ్లినా బయట ఒకరుండాలి. ప్రమాదమనిపించే వస్తువులు గదిలోంచి తీసేయాలి. వార్డెన్‌కి చెప్పాలి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వేయకండి. "నిన్ను కాపాడగలిగేవాళ్లకి తప్ప ఇంకెవరికీ చెప్పను" అనొచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. "నంబరిచ్చాను, చేసుకుంటాడులే" అని వచ్చేయడం దగ్గరే పని చెడుతుంది. మంచం మీంచి లేచే ఓపిక లేనివాడు ఫోన్ చేయడం, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడడం జరిగే పని కాదు. పక్కన కూర్చుని ఫోన్ కలపండి, స్పీకర్ పెట్టమంటే పెట్టండి. అపాయింట్‌మెంట్ రోజు అవుట్‌పాస్ రాయించండి, ఆటో ఎక్కించండి, తోడు వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వే అలవాటు మనకుంది. ఆ నవ్వు వల్ల ఆసుపత్రి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవాళ్లుంటారు. పేరే అడ్డమైతే ఏ పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీ అయినా సరే. పద్దెనిమిదేళ్లు నిండితే అమ్మానాన్నల సంతకం లేకుండానే డాక్టర్‌కి చూపించుకోవచ్చు.

మందు మొదలెట్టాక మొదటి వారం పది రోజులు గడ్డుకాలం. వికారం, తలనొప్పి, నిద్ర తేడా ముందొస్తాయి, మేలు తర్వాత కనిపిస్తుంది. "పనిచేయట్లేదు" అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. పాతికేళ్లలోపు వాళ్లలో ఈ తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం కూడా ఉంది, కాబట్టి రూమ్మేట్ కనిపెట్టుకుని ఉండాలి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. బాగయ్యాక కూడా మందు నెలల తరబడి వాడాల్సి ఉంటుంది. సెలవులకి ఇంటికెళ్లి "ఇక బానే ఉన్నాను" అని ఒక్కసారిగా ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కాలేజీల సంగతి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా రాయాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆ తీర్పు విశాఖలో నీట్ కోచింగ్‌కి చేరిన ఓ అమ్మాయి మరణంపై వేసిన కేసులో వచ్చింది. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా, ఏ గదిలో, ఏ వేళల్లో అని ఫ్రెషర్స్ వారంలోనే అడగండి. కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంటే అక్కడికి ఎవరూ వెళ్లరు.

అమ్మానాన్నలు ఫోన్లో "తిన్నావా, చదువుతున్నావా" తర్వాత ఇంకో ప్రశ్న అడగొచ్చు: "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాన్నా?" నిజం ఆ జవాబులో దొరుకుతుంది. తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు ఏడుంటే ఏడింటి పరీక్షలూ ఒకేసారి కట్టించకండి. మొదటి సప్లిమెంటరీ పరీక్షకి తేలికైనవి రెండు చాలు. అతను కోలుకుని హాస్టల్ గదికి తిరిగొచ్చిన రోజు పొద్దున రూమ్మేట్ తలుపు దగ్గర ఆగి "టిఫిన్‌కి పద, ఇవాళ పెసరట్టు" అని, చెప్పులేసుకునేదాకా నిలబడితే చాలు.