అడిస్ అబాబాలో ఏడు విడతల శనివారం

2025 ఫిబ్రవరి 15. ఇథియోపియాలో పాఠాలు చెప్పే మా బావగారింటికి వెళ్లి అప్పటికి వారమైంది. రాజధాని అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఆఫ్రికన్ యూనియన్ శిఖరాగ్ర సమావేశం కావడంతో ప్రధాన రహదారులు మూసేశారు. చైనా కట్టించి ఇచ్చిన యూనియన్ భవనాన్ని దగ్గర నుంచి చూద్దామంటే పోలీసులు దూరంలోనే ఆపేశారు. వెనక్కి నడిచి ఒక చిన్న కాఫీ దుకాణంలో కూర్చున్నాం.

నేల మీద పచ్చగడ్డి పరిచి ఉంది. ఒకావిడ పచ్చి గింజలను బొగ్గుల మీద వేయించి, పెనం మా ముఖాల దగ్గరకు తెచ్చి ఆ పొగ వాసన చూపించింది. తర్వాత దంచి, జెబెనా అనే నల్ల మట్టి కూజాలో మరిగించి, పిడిలేని చిన్న గిన్నెల్లో పోసింది.

పక్క బల్ల దగ్గర ఇద్దరు కెన్యా యువకులు ఫోను మీదే కళ్లు పెట్టుకున్నారు. వాళ్ల మాజీ ప్రధాని రైలా ఒడింగా యూనియన్ రోజువారీ పనులు నడిపే కమిషన్ అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నారు. ప్రత్యర్థులు జిబూటీ విదేశాంగ మంత్రి మహమూద్ అలీ యూసఫ్, మడగాస్కర్ మాజీ విదేశాంగ మంత్రి రాండ్రియామాండ్రాటో. ఈ పదవి ప్రాంతాలవారీగా తిరుగుతుంది, ఈసారి వంతు తూర్పు ఆఫ్రికాది. దేశాధినేతలు రహస్యంగా ఓటేస్తారు. ఇరవై కోట్లు దాటిన నైజీరియాకూ, లక్ష పైచిలుకు జనమున్న సీషెల్స్‌కూ ఒక్కటే ఓటు. నెగ్గాలంటే ఓటున్న 49 దేశాల్లో మూడింట రెండు వంతులు, అంటే 33 రావాలి.

మొదటి విడతలో ఒడింగాకు 20, యూసఫ్‌కు 18. కుర్రాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. మూడో విడతకు యూసఫ్ ముందుకొచ్చారు. మడగాస్కర్ అభ్యర్థి పక్కకు తప్పుకున్నాక కూడా 33 ఎవరికీ దక్కలేదు. ఆరో విడత తర్వాత ఒడింగా వైదొలిగారు. అయినా ఎన్నిక ముగియలేదు. ఒక్కరే మిగిలినా మళ్లీ ఓట్లు పడాల్సిందే, 33 రావాల్సిందే. ఏడో విడతలో యూసఫ్‌కు సరిగ్గా 33 వచ్చాయి. ప్రత్యర్థి లేడని పీఠం ఊరికే ఇవ్వని ఆ నిబంధన నాకు ఎంతో నచ్చింది.

మనసుకు పట్టుకున్నది మరొకటి. 55 దేశాల్లో ఓటేసే అర్హత ఉన్నవి 49. మాలి, బుర్కినా ఫాసో, నైజర్, గినీ, గాబన్, సూడాన్‌లలో సైన్యం గద్దెనెక్కినందుకు వాటి భాగస్వామ్యాన్ని నిలిపేశారు. ఆ శిక్ష సరైనదే. కానీ యుద్ధంలో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న సూడాన్ ప్రజలు ఏ గద్దెనూ ఎక్కలేదు. ఖండానికి పెద్దను ఎన్నుకునేటప్పుడు వాళ్ల తరఫున లోపల ఒక్కరూ లేరు.

కెన్యా కుర్రాళ్లలో ఒకరు ఫోనును బల్ల మీద బోర్లించారు. రెండో అతను లేచి మా కాఫీకి కూడా డబ్బిచ్చాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.