నిన్ను కాదులే

2025 మే 3. సింగపూర్‌లో ఎన్నికల రోజు. ఓటు లేని నేను కాఫీ షాపులో కూర్చున్నా. పక్క బ్లాక్ చైనీస్ ఆంటీ కోపి (ఇక్కడి కాఫీ) కప్పు చూపించి, "జీఎస్టీ 9 శాతం, అన్నీ పెరిగాయి. పైగా మంచి ఉద్యోగాలన్నీ బయటివాళ్ళకే" అంది. వెంటనే నా మొహం చూసి, "నిన్ను కాదులే" అంది.

నాకేమో వర్క్ పాస్, అంటే ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి, రెన్యువల్ టెన్షన్. కాంపాస్ అని పాయింట్ల లెక్క ఉందిగా, కనీసం 40 రావాలి. జీతానికి, డిగ్రీకి కొన్ని. ఆఫీసు ఉద్యోగుల్లో నా దేశం వాళ్ళు నాలుగో వంతుకి చేరితే, ఆ వరుసలో నాకు సున్నా. మా టీమ్‌లో గుంటూరు నుంచి ఇంకో తమ్ముడు చేరినప్పుడు లోపల చిన్న గుబులు. గోంగూర పచ్చడి తెచ్చిచ్చిన పిల్లాడి మీద! సిగ్గేసింది.

ఆంటీ కోపంలోనూ అబద్ధం లేదు. వాళ్ళబ్బాయి ఉద్యోగం కోసం చాన్నాళ్ళుగా తిరుగుతున్నాడు.

రాత్రి ఫలితాలొచ్చాయి. 97 సీట్లలో 87 అధికార పార్టీకే. మర్నాడు లిఫ్టులో ఆంటీ, "రెన్యువల్ వచ్చిందా?" అనడిగింది. ఇంకా లేదన్నాను.