ఆమెకు అడవి కావాలి, నాకు నిద్ర కావాలి

అడవిలో టెంట్ వేసుకుని పడుకోవడమంటే మా ఆవిడకు ప్రాణం. నాకూ నడక ఇష్టమే, చెట్లూ ఇష్టమే. కాకపోతే చీకటి పడేసరికి ఇంటికొచ్చి మంచమెక్కడం అంతకన్నా ఇష్టం. పెళ్లయిన కొత్తలో ఈ తేడా ముచ్చటగానే ఉండేది. పోను పోను సెలవులు వస్తున్నాయంటే ఇంట్లో పంచాయితీ మొదలయ్యేది. తను ఒక్కతే వెళ్తే నాకు టెన్షన్. నేను మొహం ముడుచుకుని వెంట వెళ్తే తనకు చిరాకు.

ఈసారి బయల్దేరే ముందు తను ఒక మాట అడిగింది: "అసలు నీకు పడనిదేంటి? అడవా, నడకా, రాత్రా?" ఆలోచిస్తే అడవితో నాకు పేచీ ఏమీ లేదు. చలి, నిద్ర పట్టకపోవడం, అర్ధరాత్రి లేచి బయటికి పోవాల్సి రావడం, అంతే.

"ఇంతేనా!" అంది. ఆ "ఇంతేనా"కి కాస్త కోపమొచ్చింది కానీ, చలి సంగతి తనే చూసుకుంది. స్లీపింగ్ బ్యాగ్ లేబుల్ మీద కంఫర్ట్, లిమిట్ అని రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి హాయిగా పడుకోగలిగే చలి. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకు పడుకుని ఎలాగో రాత్రి గడిపేసే చలి. మగవాణ్ణి కదా అని నేను లిమిట్ చూసి ఊరుకోవాలా? మా ఇంట్లో ముందు దుప్పటి లాక్కునేది నేనే. కాబట్టి కంఫర్ట్ అంకె చూసి వెచ్చని బ్యాగ్ నాకిచ్చింది. కింద పరుచుకునే మ్యాట్ విషయంలోనూ అంతే. ఒంటి బరువుకి బ్యాగ్ అడుగుభాగం అణిగిపోతుంది, ఇక నేల చలిని ఆపేది మ్యాటే. మ్యాట్ చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్-వాల్యూ అంటారు, అది ఎంత ఎక్కువుంటే అంత వెచ్చన. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి కూడా. నా కోసం రెండో మ్యాట్ తన బ్యాగుకే కట్టుకుంది. నేను వద్దన్నాను, మరీ గట్టిగా కాదు.

ఎంతసేపు నడవాలో లెక్క కట్టడానికి తను నైస్మిత్ సూత్రం వాడుతుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క అది: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆయన లెక్కలో నాలాంటివాళ్లు లేరు, ఆగడాలూ లేవు. ఇదివరకు తను ముందు వెళ్లిపోయి ఏ బండ మీదో కూర్చునేది. నేను రొప్పుతూ చేరేసరికి "పద" అంటూ లేచేది. తన విశ్రాంతి అయిపోయేది, నాది మొదలే కాకపోయేది. జంటల్లో సగం గొడవలకు ఆ బండే కారణమని నా గట్టి నమ్మకం. ఈసారి నేను ముందు, తను వెనక. నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుంటే ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. చీకటి పడకముందే చేరాం.

సరస్సు ఒడ్డున చోటు చూడగానే నచ్చింది నాకు. తను ఒప్పుకోలేదు. రాత్రి చల్లగాలి పల్లానికి దిగుతుంది, పైగా నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో ఉండాలి. మరుగుదొడ్డిగా తవ్వే గుంటకూ అదే దూరం, లోతు 15 నుంచి 20 సెంటీమీటర్లు. వెలుగుండగానే ఆ చోటు చూపించి పెట్టింది. సగం భయం అక్కడే పోయింది.

రాత్రి వెచ్చగా ఉండాలని టెంట్ కిటికీలన్నీ మూయబోయాను. "మూస్తే పొద్దున్నే లోపల వాన" అని తను ఓ జానెడు తెరిచింది. మన ఊపిరిలో తేమే చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుందట. అయినా తెల్లవారుజామున ఒక చుక్క, నేను చూస్తుండగానే జిప్పు దగ్గర లావై, ఊగి, సూటిగా నా నుదుటి మీద పడింది. అంతకుముందు ఏదో గరగరమని ఆకుల్లో తిరిగింది. తను గుర్రుపెడుతోంది. అడవిని ప్రేమించేవాళ్లు నిద్రపోతుంటే కాపలా మాత్రం నాలాంటివాళ్లది! ఆపుకుని ఆపుకుని చివరికి బయటికెళ్లాను. నక్షత్రాలు బాగానే ఉన్నాయి. చీకట్లో ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నాది తొడిగాను. కానీ తిరిగొచ్చాక నిజంగానే నిద్ర పట్టింది.

పొద్దున్నే తను ఒక్కతే శిఖరానికి వెళ్లింది. ఇది ముందే అనుకున్నదే. ఏ దారిన వెళ్తుందో, ఎప్పటికి వస్తుందో, రాకపోతే నేను ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసిచ్చింది. స్టవ్ వెలిగించి నీళ్లు పెట్టాను, బండకు ఆనుకుని కూర్చున్నాను. ఎవరూ "పద" అనలేదు. ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ పూటే. తనకూ అంతేనట. వెనక్కి తిరిగి చూసుకోకుండా తన వేగంతో తను నడిచి ఎన్నాళ్లైందో అంటూ, చెప్పిన టైముకన్నా ముందే దిగొచ్చింది.

దిగేటప్పుడు రెండో మ్యాట్ నా బ్యాగుకు కట్టేసింది. "వచ్చేసారి మూడు రాత్రులుందాం" అంది. ఒకటి చాలన్నాను. ప్రస్తుతానికి తను రెండు దాకా దిగింది, నేను ఒకటి దగ్గరే ఉన్నాను.