ఉప్పాడ ఇసుకలో దువ్వెన

తుఫానుకి బీచ్ రోడ్డు మళ్ళీ కోసుకుపోయింది, పిఠాపురం మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలని కాకినాడలో ఆటో అతను ఆరొందలు అడిగాడు. ఉప్పాడకి ఆరొందలు! బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

ఈ మధ్య నాకు దేనికీ ఓపిక ఉండటం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ళ ఇల్లు మునిగినప్పటి నుంచి మబ్బు పడితే టెన్షన్, టీవీ పెడితే కులం గొడవలు, రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఉప్పాడలో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తడి ఇసుకని ప్లాస్టిక్ దువ్వెనలతో దువ్వుతున్నారు, బంగారం కోసం. 2020లో నివర్ తుఫాను తర్వాత ఇది వార్తల్లో చూశాను. సముద్రంలో కలిసిపోయిన ఇళ్ళవీ గుళ్ళవీ అట ఆ రవ్వలు. ఒక పెద్దావిడ పక్కన కూర్చుంటే, "ఊరికే చూడ్డమెందుకమ్మా, ఇదిగో" అని ఇంకో దువ్వెన చేతిలో పెట్టింది. అల వెనక్కి తగ్గగానే నల్లటి చార కనిపించిన చోట గీయాలి, మళ్ళీ అల వచ్చేలోపు. వేరే ఆలోచనకి సందే లేదు. ఎంతసేపు దువ్వానో తెలియదు కానీ ఫోన్ గుర్తు రాలేదు.

"మా వీధి అదిగో" అని నీళ్ళలోకి చూపించింది. ఇప్పుడు ఆడపడుచు ఇంట్లో ఉంటున్నారు, రెండు కుటుంబాలకీ ఒకటే పొయ్యి. కాకినాడకైనా అలలకి అడ్డంగా హోప్ ఐలాండ్ దీవి ఉంది, వీళ్ళకి అదీ లేదు. రాళ్ళు పోశారు, ఇసుక ట్యూబులు వేశారు, సముద్రం వాటినీ లాగేసింది. కోత లేని చోట ఇళ్ళ స్థలాలు ఇవ్వాలి కదా, అదీ వచ్చే తుఫానులోపు! ఆవిడ కోపం న్యాయమైనది. ఆ కోపంలోనే, పక్కావిడకి నువ్వుగింజంత రవ్వ దొరికితే అందరికంటే ముందు ఈవిడే "దొరికిందే!" అని అరిచింది.

మధ్యాహ్నం క్యారియర్ విప్పి నాకూ పెట్టారు, ఎండు మెత్తళ్ళు వంకాయ. తింటుంటే గుర్తొచ్చింది, ఆ వరదలో మా అక్కావాళ్ళకి అన్నం పెట్టింది పై వాటా వాళ్ళు, అంతకుముందు పలకరింపు కూడా లేనివాళ్ళు. ఇన్నాళ్ళూ అందరికీ నీళ్ళ గురించే చెప్పాను, వాళ్ళ గురించి చెప్పలేదు.

తిరిగి బస్సులో వస్తూ అక్కకి ఫోన్ చేసి ఆ పై వాటా వాళ్ళెలా ఉన్నారని అడిగాను. వాళ్ళమ్మాయికి పెళ్ళి కుదిరిందట. వెళ్ళాలి.