ఆర్టికల్ 23, మా నాయనమ్మ చెప్పిన వెట్టి

మా తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మొన్న రాత్రి అన్నాలు తిన్నాక పాలిటీ బిట్లు అడగమని పుస్తకం నా చేతిలో పెట్టాడు. రాజ్యాంగంలో ఆర్టికల్ 23 ఏంట్రా అంటే "మనుషుల అక్రమ రవాణా, వెట్టిచాకిరి నిషేధం" అని టక్కున చెప్పి, తర్వాతది అడుగక్కా అన్నాడు. నాకు మాత్రం మనసు అక్కడే ఉండిపోయింది.

వెట్టి అన్న మాట నేను ముందు విన్నది మా నాయనమ్మ నోట. దొర గడీకి పోయి నీళ్లు మోయాలి, వడ్లు దంచాలి, కూలి ఉండదు, రానంటే దెబ్బలు. 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ పోరాటం భూమి కోసమే కాదు, ఈ వెట్టి పోవాలని కూడా. ఆ పోరాటం ఇంకా నడుస్తుండగానే, 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం వెట్టిని నేరం అంది. ఇంగ్లీషు ప్రతిలో కూడా 'బేగార్' అని మన దేశపు మాటే రాశారు.

ప్రాథమిక హక్కులు చాలావరకు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఆర్టికల్ 23 అలా కాదు, దొరకైనా కాంట్రాక్టర్‌కైనా వర్తిస్తుంది, అంటరానితనాన్ని నిషేధించిన ఆర్టికల్ 17 లాగే. ఢిల్లీలో ఏషియాడ్ (ఆసియా క్రీడల) పనులు జరిగేటప్పుడు కూలీలకు కనీస వేతనం దక్కట్లేదని ఒక పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాస్తే, కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. కొట్టి చేయించుకుంటేనే బలవంతం కాదు, ఆకలికి తాళలేక కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు పనే అని 1982లో తీర్పు చెప్పింది.

పోయిన ఎండాకాలం మా ఊరి పక్క ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన ఒకామె, తల్లి చనిపోయిందని ఏడుస్తుంటే చూశాను. అడ్వాన్స్ తీరేదాకా పంపరట. పాపం అనుకుని వచ్చేశాను, అది ఇప్పటికీ బాధగానే ఉంది. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం మనిషిని వెట్టికి కట్టిపడేసిన అప్పు తీర్చాల్సిన పనే లేదు, విడిపించే బాధ్యత కలెక్టర్‌ది. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. ఈ ఏడాది బట్టీలు మొదలయ్యాక మళ్లీ వెళ్తాను, అలాంటిది కనిపిస్తే కలెక్టరేట్‌లో అర్జీ పెడతాను. తమ్ముడూ వస్తానన్నాడు.