పెన్సిల్‌తో రాసిన పేర్లు

మన కాలేజీ పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని నిర్వాహక సంఘం వారు కోరినప్పుడు తరగతుల గురించి రాద్దామనే కూర్చున్నాను గాని, మనసు హాస్టల్ కామన్ రూమ్ దాటి రాలేదు. మొదటి సంవత్సరంలో మనకు సీటు దొరికింది గాని గది దొరకలేదన్న సంగతి చాలా రోజుల వరకు ఇంట్లో చెప్పనే లేదు కదా.

వెయిటింగ్ లిస్టులో నాది 41వ పేరు. టేబుల్ టెన్నిస్ బల్ల మీద ఇద్దరు, దాని కింద ముగ్గురు, మిగిలినవారు గోడ వెంట, ట్రంకు పెట్టెల నడుమ, 19 రాత్రులు పడుకున్నాం. తెల్లవారి ఆటగాళ్ళు వచ్చేలోగా పక్కలు చుట్టేయాలి. బల్ల బ్యాచ్ అన్న పేరు ఎవరు పెట్టారో, నెట్ ఎలా చిరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

కొత్త కోర్సులతో ప్రవేశాలు పెరిగినా గదులు పెరగలేదు. పరీక్షలు మిగిలిన సీనియర్లు ఇంకా ఖాళీ చేయలేదు. ఉన్న కొద్ది గదులూ దూరం నుంచి వచ్చినవారికే ముందుగా ఇచ్చారు, అది న్యాయమే. అయితే చివరి విడత కౌన్సెలింగ్‌లో వేరే చోట సీటు వచ్చి వెళ్ళిపోయినవారి పేర్లు గదుల జాబితాలో అలాగే ఉండిపోయేవి కాబట్టి, కాగితం మీద నిండిన గదికి నిజానికి తాళం వేలాడుతూ ఉండేది.

ఆ సంగతి పట్టుకున్నది మన వార్డెన్ మాస్టారే. రాత్రి 9 గంటలకు టార్చిలైటు, రిజిస్టరు పట్టుకుని ప్రతి గదికీ స్వయంగా వెళ్ళేవారు. కేటాయించిన పేరును మొదట పెన్సిల్‌తోనే రాసి, మంచం మీద మనిషిని చూశాకే దాని మీద సిరాతో దిద్దేవారు. వరుసగా మూడు రాత్రులు పక్క పరచని మంచం కనిపిస్తే విచారించి, ఆ విద్యార్థి ఇక రాడని నిర్ధారించుకున్న తరువాతే పేరు చెరిపేవారు. "మంచం ఖాళీగా ఉండగా పిల్లవాడు నేల మీద పడుకోకూడదు నాయనా" అనేవారు. 20వ రోజున నా కళ్ళ ముందే ఒక పేరు చెరిపి, రబ్బరు పొడిని అరచేత్తో తుడిచి, అక్కడ నా పేరు రాశారు. మర్నాడు రాత్రి వచ్చి నా దుప్పటి చూసి సిరాతో దిద్దారు. ఆ సిరా ఆరేదాకా రిజిస్టరు మూయలేదు.

తరువాతి సంవత్సరాల గురించి మిగతా మిత్రులు నాకంటే బాగా రాస్తారు.

ఇప్పుడు నేను పనిచేస్తున్న విశ్వవిద్యాలయంలో ఆరేళ్ళుగా హాస్టల్ కేటాయింపుల బాధ్యత నాదే. దరఖాస్తులు, జాబితాలు అన్నీ కంప్యూటర్‌లోనే నడుస్తున్నా, తరగతులు మొదలైన రెండో వారం నుంచి రాత్రిపూట నేనూ ప్రతి వరండా తిరుగుతాను. ఈ ఏడు అలా 23 మంచాలు బయటపడ్డాయి, 23 మంది మొదటి సంవత్సరం పిల్లలకు చోటు దొరికింది. ఆ రాత్రే మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "పక్కలు పరుచుకున్నారో లేదో చూశావా?" అని అడిగారు. చూసి వచ్చాకే ఫోన్ చేస్తున్నానని చెప్పాను.