ఉయ్యాల బల్ల మీద తెల్లమబ్బు: నాలుగో ప్రయత్నం

ఎట్టకేలకు ఉయ్యాల బల్లకు కొట్టిన మెరుపు పూతలో కమ్మిన తెల్లమబ్బు నిన్న మధ్యాహ్నం విడిపోయింది. అయితే విడిపోయిన చోట గోటితో నొక్కితే ఇంకా గాటు పడుతోంది కనుక దీనిని సగం విజయంగానే రాసుకుంటున్నాను. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఈ పాత టేకు బల్లకు చెక్క రంధ్రాలు పూడ్చే సీలర్, దాని మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ అనే మెరుపు పూత మొదటి రెండు కోట్లు ఏ పేచీ లేకుండా కుదిరాయి.

మూడో కోటు వేసిన రోజున విశాఖలో తెల్లవారినప్పటి నుంచి తుంపర పడుతూనే ఉంది. గదిలో 29 డిగ్రీల వేడి, 86 శాతం తేమ ఉన్నాయి. స్ప్రే చేసిన నాలుగు నిమిషాలకే కుడి కొసన 14 అంగుళాల మేర, గన్ను వెనక్కి తిప్పేటప్పుడు కోటు మందంగా పడిన చోట, పలచని మజ్జిగ పోసినట్టు తెల్లపొర కమ్మింది. మొదట చెక్కలోని చెమ్మను అనుమానించి, పక్కనే ఒక గాజుపలక పెట్టి అదే లాకర్ కొడితే అదీ తెల్లబడింది కాబట్టి చెక్కకూ సీలర్‌కూ ఇందులో పాత్ర లేదని తేలింది. కంప్రెసర్ నీరు కక్కుతోందేమోనని ఉత్త గాలిని అద్దం మీదికి వదిలి చూస్తే ఒక్క చుక్కా పడలేదు. ఇక మిగిలింది వాతావరణమే. ఆ తేమలో గాలిలోని ఆవిరి దాదాపు 26.4 డిగ్రీల వద్ద నీరుగా మారుతుంది. థిన్నర్ వేగంగా ఎగిరిపోతూ కోటును మూడు డిగ్రీలు చల్లబరిస్తే చాలు, ఆ నీరు ఆరీ ఆరని లాకర్‌లోనే చిక్కుకుంటుంది.

ఒక రాత్రి వదిలేస్తే అంచులు మాత్రమే తేటపడ్డాయి. ఉత్త థిన్నర్ చల్లితే నిమిషం పాటు మురిపించి మునుపటికంటే తెల్లగా తిరిగొచ్చింది. జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని వాడడం నా తెలివితక్కువతనం. మబ్బు కొంత పలచబడినా ఆవగింజలో సగమంత బుడగలు పదకొండు లేచాయి, వాటిని 400 నంబరు కాగితంతో అరగదీయాల్సి వచ్చింది.

నిన్న 100 మిల్లీలీటర్ల థిన్నర్‌కు 15 మిల్లీలీటర్ల రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రావకం) కలిపి, పది అంగుళాల దూరం నుంచి మంచు పట్టినట్టు సన్నగా చల్లాను. కింది కోటు మళ్లీ కరిగి, చిక్కుకున్న నీటిని మెల్లగా వదిలేసింది. ఆరిన కోటు ఇలా కరుగుతుంది కనుకనే, మెలమైన్ అనే మరో రకం పూత ఎంత గట్టిదని ఎవరు చెప్పినా నేను ఎన్‌సీని వదలను. టచ్‌వుడ్ వంటి వార్నిష్‌ను బ్రష్‌తో పూస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది కానీ, అది ఆరేదాకా దుమ్ముకు కాపలా కాయడం నా వల్ల కాదు.

అయితే నిన్న ఎండ కూడా కాసింది. గదిలో 33 డిగ్రీలు, 66 శాతం ఉండడంతో ఆవిరి నీరయ్యే హద్దుకు ఏడు డిగ్రీల ఎడం దొరికింది. ఘనత రిటార్డర్‌దో ఎండదో తేల్చుకోవడానికి, ఈసారి ముసురు పట్టిన రోజున నాలుగు గాజుపలకల మీద రిటార్డర్‌ను 0, 5, 10, 15 మిల్లీలీటర్ల చొప్పున కలిపి కొట్టి చూస్తాను. కోటు ఇంత మెత్తగా ఉండిపోవడానికి కారణం 15 ఎక్కువవడమేనని నా అనుమానం. పది రోజులు ఆగి, గోటి గాటు పడకపోతే 1000 నంబరు నీటి కాగితంతో సాపు చేసి ఆఖరి కోటు వేస్తాను. ఈలోగా ఇత్తడి గొలుసులను చింతపండుతో తోమి పెట్టుకోవాలి.